యాదమ్మ ఉపవాసం పెట్టిన బండి

యాదమ్మ బ్యాటరీ రూంలో ఉన్నన్నాళ్లూ, టీ టైంలో చార్జర్ వైరు ముట్టుకునే ధైర్యం ఆ గోదాంలో ఎవరికీ ఉండేది కాదు. ఫోర్క్‌లిఫ్ట్‌లు నడిపేవాళ్లంతా ఘటికులే. టన్ను బరువున్న సరుకును ఒంటిచేత్తో లివర్ తిప్పి పై అరలోకి ఎక్కించి, మీసం మీద చెయ్యి వేసుకోగల మొనగాళ్లు. అయినా బ్యాటరీ కాస్త దిగింది కదా, టీ తాగేలోపు ఎక్కుతుంది కదా అని ఎవరైనా ప్లగ్గు చేతిలోకి తీసుకున్నారో, రూంలోంచి యాదమ్మ గొంతు ముందు వచ్చేది.

"బర్రెను సగం మేతల లేపుతరా ఎవలన్న? అది కడుపు నిండ తినాలె, పండుకోని నెమరెయ్యాలె, అప్పుడు లేవాలె. ఊకె గింత గింత పెడితే దాని పానం పోతది. పెట్టు ఆ వైరు ఆడ."

పెట్టేసేవాళ్లు. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఆ పాత సీసం బ్యాటరీల ధర్మమే అంత. షిఫ్టంతా వాడాలి, రాత్రంతా చార్జి చెయ్యాలి, చల్లారనివ్వాలి, డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. మధ్యలో చిరుతిళ్లు పెడితే లోపలి పలకలు పాడైపోతాయి. ఒక్కో బ్యాటరీ ఎంత బరువంటే చైన్ కప్పీతో లేపి మార్చాల్సిందే. యాసిడ్ చుక్కలు పడీ పడీ యాదమ్మ చీరలన్నీ జల్లెడలయ్యాయి. ఆ రూంలోంచి బయటికొస్తే దగ్గు ఒక పట్టాన ఆగేది కాదు. అయినా ఆమె చేతికింద ఒక్క బ్యాటరీ కూడా అర్ధాయుష్షుతో పోలేదు. పసిబిడ్డల్ని సాకినట్టు సాకింది.

ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ వెళ్లే దారిలో, ఒకప్పుడు జొన్న పండిన చెలకల్లో ఆ గోదాం లేచింది. దాని మేనేజరు హైమవతి. భీమవరం దగ్గర పుట్టి, మీర్‌పేట్‌లో స్థిరపడిన మనిషి. రోజూ స్కూటీ మీద వస్తుంది, మాట మెత్తన, నిర్ణయం గట్టి. పైవాళ్లతో పోట్లాడి పోట్లాడి, పరీక్షకని ఒక లిథియం బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ తెప్పించింది. నెలాఖరు దాకా చూస్తారు. బాగుంటే బండ్లన్నీ అవే వస్తాయి, బ్యాటరీ రూం మూసేసి అక్కడ కూడా అరలు వేస్తారు. బాగాలేకపోతే బండి వెనక్కి పోతుంది, పాత కథే నడుస్తుంది.

కొత్త బండి దిగిన రోజు అందరికంటే ముందు దాని మీద మనసు పారేసుకున్నది యాదమ్మే. మూత తీయించి చూసింది. లోపల బ్యాటరీకి బిరడాల్లేవు, నీళ్లు పోసే బొక్కల్లేవు, వాసన లేదు, పొగ లేదు. చెయ్యి ఆనించి చూస్తే చల్లగా ఉంది. పాత బండ్లు పొద్దున హుషారుగా ఉండి మధ్యాహ్నానికి ఈడ్చుకుంటూ తిరుగుతాయి. ఇది మాత్రం పొద్దున ఎంత జోరుగా లేపిందో సాయంత్రమూ అంతే జోరుగా లేపుతోంది. ఇంత చక్కటి వస్తువు చేసినవాళ్ల చేతులు చల్లగుండాలి అనుకుంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టి నవ్వు ఆగిపోయింది. దీనికి నీళ్లు పొయ్యక్కర్లేదు సరే, మరి నీళ్లు పోసే మనిషి ఎందుకు?

మూడు రోజులు ఆ ఆలోచనతోనే పాత బ్యాటరీలకు నీళ్లు పోసింది. నాలుగోరోజు నేరుగా హైమవతి దగ్గరికి వెళ్లింది.

"మేడం, రూం బంద్ జేస్తున్రంట. నాకు బండియ్యుండ్రి. నేను నడుపుత."

హైమవతి కళ్లద్దాలు తీసి చూసింది. "ఎప్పుడైనా నడిపావా?"

"మా చెలకల ట్రాక్టర్ నడిపిన. గిది గంతకంటె పెద్దదేం గాదు."

అక్కడ అప్పటిదాకా ఆడవాళ్లకు బండి ఇవ్వకపోవడానికి ఒక సాకు ఉండేది. ఎవరి బ్యాటరీ వాళ్లే కప్పీతో మార్చుకోవాలి, అది ఆడవాళ్ల వల్ల కాదు, అనేవాళ్లు. కొత్త బండిలో మార్చే పనే లేదు గనక ఆ సాకు కూడా చల్లగా జారుకుంది. హైమవతి ఒప్పుకుంది. అందరికంటే పెద్ద డ్రైవరు శంకరయ్యను నేర్పమంది. ట్రైనింగ్ అయ్యి, లైసెన్సు కాగితాలు చేతికొచ్చాక ఒక మాట చెప్పింది. "ఒక కంటైనర్ మొత్తం, ఎవరి సాయం లేకుండా నువ్వొక్కదానివే నింపు. నింపితే సీటు నీది. లేకపోతే ప్యాకింగ్‌లో చూద్దాం."

ప్యాకింగ్ అంటే కాంట్రాక్టరు కింద కూలి. ఈ వారం ఉంటుంది, వచ్చే వారం ఉండదు. ఆ సంగతి యాదమ్మకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

శంకరయ్య నేర్పడం మాత్రం పట్టుగా నేర్పాడు. నోరు ఊరుకోదనుకోండి. "చెల్లె, ఎనక చూస్కో. గోడ మనది గాదు, కంపెనీది," అనేవాడు. ఆమె గోడకు చెయ్యి మందం దూరంలో బండి ఆపి, "నీకంటె నయమే గదన్న," అనేది. అప్పుడు శంకరయ్య లోపల్లోపల మురిసిపోయేవాడు గానీ బయటపడేవాడు కాదు.

అంతకు ముందే బ్యాటరీ కంపెనీ నుంచి నిశాంత్ అనే ఇంజనీరు వచ్చి అందరినీ నిలబెట్టి చెప్పిపోయాడు. "దీన్ని పూర్తిగా దిగేదాకా ఉంచకండి. టీ తాగేటప్పుడు పెట్టండి, అన్నం తినేటప్పుడు పెట్టండి. పావుగంట దొరికితే పావుగంట. ఎంత పెడితే అంత మంచిది. ఎర్ర లైటు వచ్చిందంటే మాత్రం వెంటనే తీసుకొచ్చి పెట్టాలి, అది ఎక్కువసేపు ఆగదు."

యాదమ్మ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నది. విన్నది గానీ లోపలికి పోనివ్వలేదు. అమ్ముకునేవాడు తన సరుకును పొగుడుకోకుండా ఉంటాడా అనుకుంది. బ్యాటరీ అన్నాక బ్యాటరీయే. దానికి మధ్యలో చిరుతిండి పెట్టమనేవాడు బ్యాటరీలను సాకినవాడు కాదు, అంతే.

పరీక్ష రోజు ఎండ మండిపోతోంది. కర్నూలు వెళ్లాల్సిన కంటైనర్ సరుకెక్కించే డాక్ దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది. ఎక్కించాల్సింది కూలర్ల పెట్టెలు. పొద్దున్నే వేరేవాళ్ల చేతిలో కాస్త తిరిగిన బండినే యాదమ్మకు ఇచ్చారు. తీరా ఎక్కి కూర్చున్నాక ఆమె చేతులు లివర్ల మీద వాటంతటవే కదిలాయి. చూడ్డానికి ముచ్చటేసింది. ఫోర్కులు చెక్క పలక కిందకి వెన్నలోకి కత్తి దిగినట్టు దిగుతున్నాయి. పెట్టెల వరస ఒక వేలెడు తేడా లేకుండా లోపల కూర్చుంటోంది. శంకరయ్య స్తంభానికి ఆనుకుని, చెప్పడానికి తప్పేమీ దొరక్క చెవి గోక్కుంటున్నాడు.

టీ టైం అయింది. బండి చార్జర్ పక్కనే ఆపింది. ప్లగ్గు చేతికందే దూరంలో ఉంది. చెయ్యి అటు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లుగా ఎంతమందిని తిట్టిన నోరిది! ఆ నోరే తనను తిడుతున్నట్టనిపించి, టీ గ్లాసు పట్టుకుని ఇవతలికి వచ్చేసింది. అన్నాల వేళ కూడా అంతే. పైగా బండి ఏమాత్రం నీరసపడలేదు. నీరసపడని పశువుకు మేత ఎందుకనుకుంది.

మధ్యాహ్నం, ఇంకా మూడోవంతు పెట్టెలు మిగిలి ఉండగా ఎర్ర లైటు వెలిగింది, కుయ్ కుయ్ మంది. యాదమ్మ చూసింది. పాత బండ్లు ఎర్ర లైటు పడ్డాక కూడా మూలుగుతూ ఇంకో అరగంట నడుస్తాయి. ఆ అరగంటలో పని అయిపోతుందని లెక్కేసుకుంది. ఒక వరస వేసింది, రెండో వరస ఎత్తుకుంది. బండి మూలగలేదు, నెమ్మదించలేదు. కంటైనర్ గుమ్మంలో, సగం లోపల సగం బయట, ఉన్నట్టుండి రాయిలా నిలిచిపోయింది.

తాళం తిప్పింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. తలప్రాణం తోకకొచ్చింది ఆమెకు. వెనకాల లారీ డ్రైవర్ ఏమైందేమైందని కేకలు పెడుతున్నాడు. డ్రైవర్లంతా చుట్టూ మూగారు.

"అయిపోయింది, బ్యాటరీ ఖతం," అన్నాడొకడు.

"నేనప్పుడే అన్న. కొత్తది, మనకు అక్కరకు రాదు. మన బర్రెలే నయం," అన్నాడు ఇంకొకడు.

హైమవతి మెట్లు దిగి వచ్చింది. నిలిచిపోయిన బండిని చూసి ఆమె ముఖం పాలిపోయింది. ఎన్ని నెలలు పైవాళ్లతో వాదించి తెచ్చుకున్న బండి! అయినా యాదమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వేం బాధపడకు. బండిలోనే లోపం ఉన్నట్టుంది. కంపెనీవాళ్లకి చెప్పి వెనక్కి పంపించేద్దాం. నీ తప్పేమీ లేదులే."

అదిగో, అంతకంటే తేలికైన దారి ఇంకోటి ఉంటుందా? తలూపితే చాలు. బండి వెనక్కి పోతుంది, బ్యాటరీ రూం ఉంటుంది, అందులో తన ఉద్యోగమూ ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నా ఇక్కడ కాదనేవాళ్లు ఎవరూ లేరు, అందరూ మద్దెలనే తిడుతున్నారు. యాదమ్మ బండి వైపు చూసింది. పొద్దుట్నుంచి ఒక్క మాట అనకుండా, చెప్పిన బరువల్లా మోసింది. ఆకలేస్తోందని చెప్పింది కూడా, తనే వినలేదు.

"బండి మంచిదే మేడం," అంది. "బండి మస్తు మంచిది. నేనే దాన్ని ఉపాసం పెట్టిన. టీ టైంల పెట్టలే, అన్నం టైంల పెట్టలే. ఎర్ర లైటు జూసి గూడ నడిపిన."

బ్యాటరీ ఖతం అన్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నిశాంత్ చెప్పినప్పుడు నువ్వు లేవా?" అంది హైమవతి.

"ఉన్న మేడం. విన్న. నమ్మలే."

శంకరయ్య స్తంభం దగ్గర్నుంచి కదిలాడు. ఎవరూ అడక్కముందే తన పాత బండి తెచ్చాడు. చేత్తో వాల్వ్ తిప్పి కొత్త బండి ఫోర్కులు దించాడు, బ్రేకు వదిలించాడు, గొలుసు కట్టి వెనక్కి లాగాడు. ఆ ముసలి సీసం బండి ఆపసోపాలు పడుతూ, కొత్త బండిని చార్జర్ దాకా ఈడ్చుకొచ్చింది. ప్లగ్గు యాదమ్మే పెట్టింది. ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు.

అందరికీ మళ్లీ టీ వచ్చింది. యాదమ్మ తాగలేదు. పొయ్యి మీది పాలను చూసినట్టు బండి ముందు కూర్చుని, తెర మీద అంకె పెరగడం చూసింది. పాత బ్యాటరీకి ఇంతసేపు పెడితే గొంతు కూడా తడవదు. ఇది చూస్తుండగానే లేచి కూర్చుంది. బర్రె కాదు ఇది, మేక అనుకుంది. పోతూ పోతూ దొరికిన ఆకల్లా కొరుక్కుంటూ, రోజంతా గెంతుతూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఇంత మంచి మేకను బర్రె లెక్కన కట్టేసినందుకు తనను తాను బాగా తిట్టుకుంది.

లారీ డ్రైవర్ గొణుగుతూ టీ పూర్తి చేసేసరికి బండి కదిలింది. మిగిలిన వరసలు పొద్దుటి జోరుతోనే లోపలికి వెళ్లాయి. ఆఖరి పెట్టె కూర్చున్నాక కంటైనర్ తలుపులు అడ్డం లేకుండా పడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ, మన బర్రెలే నయమన్నవాడు వెళ్లి చార్జర్ వైరు చేత్తో పట్టుకుని ఎగాదిగా చూశాడు.

హైమవతి శంకరయ్యను పక్కకు పిలిచింది. "ఏం చెయ్యమంటారు శంకరయ్య గారూ? ఎవరి సాయం లేకుండా అన్నాను. మీరు బండి లాగాల్సి వచ్చింది."

"బండి లాగిన, అవ్," అన్నాడు శంకరయ్య. "గని తప్పు నాదే అన్న మాట మాత్రం నేను అనిపియ్యలే మేడం. నేనైతే అనకపోదును. సప్పుడు జేయక బండి మీదికే తోసేద్దును."

సాయంత్రం షిఫ్టు దిగాక యాదమ్మ బండిని చార్జర్ దగ్గర పెట్టి, తాళం తీసుకుని ఆఫీసు మెట్లెక్కింది. హైమవతి కంప్యూటర్ ముందు ఉంది. పైవాళ్లకు ఏదో రాస్తోంది. యాదమ్మ తాళం బల్ల మీద పెట్టింది. ప్యాకింగ్‌లోకి రేపే రమ్మంటారా, నెల ఆగి రమ్మంటారా అని అడగబోయింది.

హైమవతి తల ఎత్తకుండానే తాళాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"ఇది నాకెందుకు? మన డ్రైవర్లు ఎవరి తాళం వాళ్లు ఇంటికి పట్టుకెళ్తారు. ఎప్పుడైనా నాకిచ్చారా?"

యాదమ్మకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఒక్కసారి కళ్లు తుడుచుకుని, తాళం తీసి బొడ్లో దోపుకుని, మెట్లు దిగి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.