నైరుతి నుయ్యి

వెంకటరావు వర్క్‌షాపులో రిటైరయ్యే రోజు దగ్గరపడింది. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊరు చూస్తే కొత్త కాలేజీ వచ్చాక పట్టపగ్గాల్లేకుండా పెరుగుతోంది. పెంకుటిల్లు కూడా మేడ ధర పలుకుతోంది. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ కొని చూడమన్న పెద్దలెవరూ లేరు. ఆ పుణ్యం అతని భార్య చిట్టెమ్మ నెత్తిన పడింది.

గోల్‌బజార్ వెనక సందులో బెంగాలీ హరిపద బాబు ఇల్లు ఆమెకు తెగ నచ్చింది. నచ్చినదాన్ని నోరు మూసుకుని కొనుక్కోవచ్చుగా! పదిమంది చూసి మెచ్చందే ఇల్లేమిటని క్వార్టర్ల లైను లైనంతా వెంటబెట్టుకెళ్ళింది. ఆడవాళ్ళు గోడలు తట్టి, "ఓలమ్మ, ఎంత బాగున్నాదే!" అని బుగ్గలు నొక్కుకున్నారు. వాకిట్లో ఆ జాతర చూసి హరిపద బాబు మీసం దువ్వాడు. మర్నాటికి ధర కొండెక్కి కూర్చుంది.

"నా నోరే నా కొంప ముంచినాది," అని చిట్టెమ్మ ఏడ్చినంత పని చేసింది. ఏడుపు ఆగాక బుర్ర పనిచేసింది. తిన్నగా గుడికెళ్ళి పూజారి యజ్ఞనారాయణ పంతులుగారికి దణ్ణం పెట్టింది.

"బాబూ, ఆ ఇంటికి ఏదో దోసం ఉన్నాదని సెప్పండి. అబద్దమైనా పరవానేదు. దర దిగుద్ది."

పంతులుగారు మారు మాట్లాడకుండా వచ్చి, ఇల్లంతా తిరిగి, పెరట్లో ఆగి పెదవి విరిచారు.

"నైరుతిలో నుయ్యి. యజమానికి మహా అరిష్టం," అన్నారు, సందంతా వినపడేలా.

సాయంత్రానికల్లా కబురు క్వార్టర్లన్నీ చుట్టేసింది. ఆ తర్వాత తెలుగువాడన్నవాడు అటు తొంగిచూడలేదు. చివరికి హరిపద బాబే, "దీదీ, దీదీ" అంటూ చిట్టెమ్మను వెతుక్కుంటూ వచ్చి మొదటి ధరకన్నా తగ్గిస్తానని బతిమాలాడు. ఆమె ఇంకాస్త బెట్టు చేసి మరీ ఒప్పుకుంది.

గృహప్రవేశం నాడు గడపకు పసుపు రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎంత బాగా అబద్దమాడినారండీ పంతులుగారూ!"

ఆయన తెల్లబోయారు. "అబద్ధమా? నాకది చేతకాదు చిట్టెమ్మా. నుయ్యి నిజంగానే నైరుతిలో ఉంది. ఇవాళ శాంతి చేయించడానికే పిలిచావనుకున్నాను."

పాలగిన్నె పట్టుకున్న వెంకటరావు గడప బయటే కొయ్యబారిపోయాడు. చిట్టెమ్మ వెనక్కి తిరిగి సందులోకి చూసింది. క్వార్టరు తాళాలు పొద్దున్నే అప్పగించేశారు. సామానంతా రిక్షాల మీద సందులో నిలబడి ఉంది.

"నూతినైతే పూడ్సుకుంటాం బాబూ," అంది చిట్టెమ్మ, మొగుణ్ణి రెక్క పట్టి లోపలికి లాగుతూ. "ఇయాల ఈ ఇల్లు ఒగ్గీసినామంటే, రేపొచ్చే దరకన్నా పెద్ద అరిస్టం ఏటుంటాదండీ? ముందు పాలు పొంగించండి."