వాడు ఇంటికొచ్చిన వేళలు

రైల్వే భద్రతా ఇన్‌స్పెక్టరు గారు మా గోడ క్యాలెండరు ముందు నిలబడి పావుగంటైంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

అందులో ఉన్నదల్లా మా అబ్బాయి డ్యూటీకి వెళ్ళిన టైము, తిరిగొచ్చిన టైము. రైళ్ళు ఏ పట్టా మీదికి పోవాలో అక్కడికి మళ్ళించే పని వాడిది. వాడు గడప దాటితే చాలు, నా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. రాసుకుంటే కాస్త కుదుటపడతానని రాస్తాను.

పోయిన సోమవారం వాడు పట్టా పూర్తిగా కలపకుండా వదిలేశాడట. రెండు గూడ్సు పెట్టెలు పక్కకి ఒరిగాయి. ఎవరికీ ఏం కాలేదు. తప్పంతా వాడిదే అంటోంది వాడు పనిచేసే గూడ్సు రైళ్ళ కంపెనీ.

"ఆ రోజు పద్దెనిమిది గంటలు చేశాడు. కంపెనీ రిజిస్టర్లో ఎనిమిదే ఉంది. వాళ్ళు మీలా రాస్తే నాకు పనే ఉండదమ్మా" అన్నారాయన.

నాకు నవ్వు రాలేదు.

"ఇది ఇస్తారా?"

"ఇవ్వకపోతే?"

"కంపెనీ కాగితమైతే తీసుకెళ్ళే హక్కు నాకుంది. మనిషికి విశ్రాంతినివ్వడం వాళ్ళ బాధ్యత. మీ గోడ మీద మాత్రం నాకే హక్కూ లేదు. అడగడమే."

లోపల్నించి వాడు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఇవ్వకమ్మా. ఎనిమిది గంటలేనని సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తానన్నాడు సూపర్‌వైజరు. లేకపోతే పని పోతుంది."

"పెట్టావా?"

"ఇవాళ పెడతా. సాయంత్రం ఆరింటికి డ్యూటీ ఉందిగా."

"పొద్దున పదింటికే కదరా వచ్చావు?"

"ఇంకో మనిషి లేడు. నన్నేం..." అంటూనే తలుపుకి ఆనుకుని, నిలబడే కునికాడు.

పని పోతుందేమోనని వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కానీ పని పోతే వాడు ఇంట్లో ఉంటాడు. పట్టాల మధ్య ఇలా కునికితే?

క్యాలెండరు నేనే మేకు నుంచి తీసి ఇచ్చాను.

ఆయన రసీదు రాసిచ్చి కంపెనీకి ఫోన్ చేశారు. "రేపటిదాకా ఇతన్ని పిలవకండి. ఇది సలహా కాదు, ఉత్తర్వు. కాగితం పంపిస్తున్నా."

"పనిలోంచి తీసేస్తారా సార్?"

"ఇందుకని తీసేస్తే నేరమే. తీసెయ్యరని మాత్రం చెప్పలేనమ్మా." ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

వాడు లోపలికి వెళ్ళి అటు తిరిగి పడుకున్నాడు. ఆరింటికి లేపమనలేదు, నేనూ లేపలేదు. ఊపిరి ఆడుతోందో లేదోనని రెండుసార్లు మాత్రం వెళ్ళి చూశాను.