మాస్టారు పిలిచిన హాజరు

ఆ పొద్దున మబ్బు సముద్రం మీది నుంచి వచ్చి మా కొండ నడుం దాకా దిగి కూర్చుంది. రోజంతా సూర్యుడు కనబడలేదు.

కార్మడీ మాస్టారికి ముప్పై ఎనిమిదేళ్ళు. పదహారేళ్ళుగా మా కిల్‌ఫార్నా ఫుట్‌బాల్ జట్టుకు ఆడుతూ, నాలుగుసార్లు జిల్లా స్థాయి కౌంటీ ఫైనల్లో ఓడాడు. మోకాలు పోయింది. ఈ ఐదో ఫైనలే ఆఖరుసారి. మా ఆటలో జట్టుకు పదిహేడుగురు; తక్కిన పదహారుగురం ఆయన బడిలో చదివినవాళ్ళమే. బంతి తన్నడం నేర్పిందీ ఆయనే, నా నడిమి వేలు వంకర చేసిందీ ఆయన బెత్తమే.

అవతలి జట్టులో థేడీ హెహిర్ ఉన్నాడు. వాడూ మా బడివాడే. పెళ్ళయ్యాక ఆ జట్టు ఊరు డన్‌బ్రాక్ వెళ్ళిపోయాడు. పుట్టు ఎడమచేతివాడు. మాస్టారు రెండేళ్ళపాటు ఆ చేతిని బల్లకు కట్టి, "ఆ చేత్తో కాదురా, ఈ చేత్తో రాయి" అంటూ కుడిచేత్తో రాయించాడు.

ఆట ముగియబోతోంది. స్కోరు సమం. మా గోలు ముందు బంతి అందుకోబోయి మాస్టారు బురదలో పడ్డాడు. థేడీ ఆయన కుడిచేతి మీద మడమ పెట్టి రెండుసార్లు తొక్కాడు.

"ఈ చేత్తో కాదు మాస్టారూ, ఆ చేత్తో రాయండి."

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఎముకల చప్పుడు విన్నాను. బంతి వాళ్ళకు చిక్కింది. ఒక్క పాయింటుతో ఓడాం.

రెఫరీ చూడలేదు. మాస్టారు చెయ్యి చంకలో పెట్టుకుని వెళ్ళి చెప్పాడు.

"మీ మాట ఒక్కటే చాలదు. చూసినవాడు ఒక్కడు చెప్పినా వాళ్ళ జట్టును పోటీ నుంచి తీసేస్తాను. కప్పు మీదే" అన్నాడు రెఫరీ.

థేడీ నవ్వాడు. "అడగండి సార్. మాస్టారు పెంచిన పిల్లలు, అబద్ధమాడరు."

ఆ కప్పు మాకూ కావలసిందే. మాస్టారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, బడిలో హాజరు పిలిచినట్టే పిలిచాడు.

"ఫ్లాన్?"

"చూడలేదు మాస్టారూ."

"మర్టీ?"

"బూటు లేసు కట్టుకుంటున్నా మాస్టారూ."

"నీకు బూట్లే లేవు కదరా!"

"అందుకే ఆలస్యమైంది."

పదిహేనుగురూ అయ్యారు. చివర నేను. నేనెంత దగ్గరున్నానో ఆయనకు తెలుసు. ఎన్నడూ లేనిది, "సీనన్, నువ్వు చెప్పు నాయనా" అన్నాడు.

"ఎండ కళ్ళలో పడింది మాస్టారూ" అన్నాను.

రెఫరీ ఆకాశం వంక చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో హోనన్ అవ్వ ఇంట్లో మాకు వంట చేసి ఉంచారు. ఉడికించిన పంది మాంసం, కాబేజీ, బంగాళాదుంపలు. మాస్టారు మా మధ్యే కూర్చున్నాడు. ఆయన పళ్ళెంలో మాంసం ఎవరమూ కోసిపెట్టలేదు. ఎడమచేత్తో ఫోర్కు పట్టుకున్నాడు. ముక్క రెండుసార్లు జారి బల్ల మీద పడింది. ఎవరూ నవ్వలేదు. పళ్ళాలు ఖాళీ అయ్యేదాకా తలలు వంచుకుని తిన్నాం.