ఎంకయ్య ఎత్తిన బంతి

రోజూ పొద్దున ఏడింటికి ఎంకయ్య ఇబ్రహీంపట్నం పార్కు గేటు దగ్గర నిలబడేవాడు. గౌసియా బేగం తన భర్త అజీముద్దీన్‌ను పక్కింటివాళ్ల ఆటోలో తెచ్చేది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని బెంచీ దాకా నడిపించేవారు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చాక అతని కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది గానీ, కుడిచెయ్యి ఒళ్లోంచి లేవలేదు. దవాఖానలో ఇచ్చిన రబ్బరు బంతిని పిసకమంటే, చిన్నపిల్లల ఆట నాకెందుకని మొహం తిప్పుకునేవాడు. ఇట్లే వదిలేస్తే ఆ చెయ్యి ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది.

పార్కు కాకముందు అది వాలీబాల్ గ్రౌండు. ఇప్పుడు చుట్టూ నడిచే బాట, గులాబీ మొక్కలు, కసరత్తు సామాన్లు వచ్చాయి. నడుమ మాత్రం ఎర్రమట్టి అట్లాగే ఉంది, రెండు పాత గుంజలతో సహా. ఎంకయ్య ఎత్తిన వాలీబాల్ దిగే జాగ కదా అని బండలు పరిచినవాళ్లు దాన్ని వదిలేశారు.

ఆ బంతి పైకి పోయి ముప్పై మూడేళ్లు. తలెత్తితే మినపగింజంత కనబడేది. పొద్దున పడమటి గోడ మీదుండే దాని నీడ సాయంత్రానికి తూర్పు గేటుకు చేరేది. రోజూ నడవడానికి వచ్చే ఇంద్రమ్మ ఆ నీడను చూసే ఇంటికి బయలుదేరేది.

వాలీబాల్‌లో లిఫ్టరు పని బంతిని ఎత్తడం, షూటరు పని ఎగిరి కొట్టడం. లిఫ్టరు పేరు ఎవరికీ గుర్తుండదు. కానీ అతను సరిగ్గా ఎత్తకపోతే షూటరు కొట్టేది గాలినే. చెరువులో వల విసిరిన వేళ్లు ఎంకయ్యవి. అతను ఎత్తిన బంతి ఒక్క చుట్టయినా తిరగకుండా లేచేది. అజీముద్దీన్ కొడితే అవతలివాళ్లు కళ్లు మూసుకునేవారు.

ఆనాడు మహేశ్వరం వాళ్లతో ఫైనలు. పద్నాలుగు, పన్నెండు. ఒక్క పాయింటు చాలు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లో ఉన్నారు. ఆట ముగియగానే అజీముద్దీన్‌ను తమ జట్టులోకి, ఉద్యోగంలోకి తీసుకుపోతారని అందరికీ తెలుసు. ఎంకయ్య బంతి ఎత్తాడు. అది లేచింది, ఇంకా లేచింది, దిగలేదు. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డాడు. బంతి గాల్లో ఉండగా ఆటగాడు గ్రౌండు విడవకూడదు. పెద్దమనుషులు అజీముద్దీన్‌ను వదిలేసి ఆఖరి బస్సుకు వెళ్లిపోయారు. తర్వాత అతను శేరిగూడ కాలేజీలకు ఆటో నడుపుకుని బతికాడు.

ఆ రోజు పొద్దున రబ్బరు బంతి అజీముద్దీన్ ఒళ్లోంచి జారి దొర్లిపోయింది. అతను దానివైపు చూడనైనా లేదు. ఎంకయ్య దాన్ని తీసి, నిలబడే అన్నాడు.

"అజీమూ, ఆనాడు నా చెయ్యి జారలే. నువ్వు పోతవని కావాల్ననే గట్ల ఎత్తిన."

అజీముద్దీన్ ఎర్రమట్టి వైపు తిరిగాడు.

"నాకెర్కనే. నీ బంతి ఎన్నడన్న తిరిగిందా? గా రోజు తిరుక్కుంట పోయింది."

"మరి అడగకపోతివి."

"అడిగితే నువ్వు మల్ల గ్రౌండుకు రాకపోదువు. నేనెవలతోని ఆడాలె?" అతను తలెత్తి పైకి చూశాడు. "ఇగ దించరాదు, ముసలోడా."

ఎంకయ్య చెప్పులు విప్పాడు. అజీముద్దీన్‌ను మెల్లగా నడిపించి గుంజల మధ్య నిలబెట్టాడు. పక్కకు జరిగి, ఒకప్పటిలాగే "నీదే" అని పిలిచాడు.

గోడ మీది నీడ కదిలింది. గులాబీల మీదుగా, బాట దాటి, ముదురవుతూ వచ్చింది. ఇంద్రమ్మ ఆగి దానికి దారి ఇచ్చింది. బంతి తిరగడం మానేసి, తిన్నగా అజీముద్దీన్ తల మీదికి దిగుతోంది. ఎంకయ్య వేళ్లు దానివైపు లేవబోయాయి. కానీ లిఫ్టరు రెండోసారి ముట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అజీముద్దీన్ ఎగరలేదు. కుడిచెయ్యి మాత్రం ఒంటిని విడిచింది. భుజం దాకా వచ్చింది, చెవి దాటింది, బంతిని తాకింది. బంతి అవతల మట్టిలో పడి రెండు గెంతులు వేసి ఆగింది.

ఇంద్రమ్మ ఖాళీ గోడ వైపు చూసి, టైమెంతయిందని ఎవరినో అడిగింది.

గౌసియా బేగం మూడు గ్లాసుల చాయ్ తెచ్చింది. ఓడినవాళ్లే చాయ్ తాగించాలె కదా అన్నాడు ఎంకయ్య.

"మహేశ్వరం పోయి అడుగు భాయ్. అందాక గిది తాగు," అందామె.

అజీముద్దీన్ కుడిచెయ్యి చాపాడు. గ్లాసు వణికింది, సగం చొక్కా మీద ఒలికింది. ఎంకయ్య సాయం పట్టబోయిన తన చెయ్యిని మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాడు, ఆ మిగిలిన సగం అజీముద్దీన్ పెదాల దాకా చేరేవరకు.