తెగని పొట్టు

"పిల్లలు పుట్టాకే నాలోని కళాకారుడు బయటికొచ్చాడు బావా" అంటాడు నా బావమరిది. బ్యాంకులో గుమాస్తా. నాలుగేళ్ల కొడుక్కని గిటారు కొన్నాడు. అది పిల్లాడికంటే పొడుగు. వాడు చెయ్యి వేస్తే చాలు, "తీగ తెగిపోతుందిరా" అని లాగేసుకుంటాడు. ఆదివారం మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి తనే వాయిస్తాడు. వాయించడమా అది, గోకడం. పిల్లాడు మూలన కూర్చుని చెప్పు కొరుక్కుంటుంటాడు. ఇదేంట్రా అని బావమరిదిని అడిగితే "అంతా వాడి కోసమే కదా" అంటాడు.

ఇలాంటివాళ్లు ఇప్పుడు వీధికి నలుగురు. ఒకడు కూతురి పేరు చెప్పి బొమ్మలేస్తాడు, ఒకడు కొడుకు పేరు చెప్పి చేపల తొట్టి పెడతాడు. సరదా పడ్డానికి కూడా పసిపిల్లల్ని అడ్డం పెట్టుకునే మొహాలు. చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అలా మండుతూ మండుతూనే నేనూ ఆ బురదలో కాలేశాను.

నాది వడ్రంగం. ఆరో తరగతిలో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి. లేక లేక పుట్టిన ఆడపిల్లకి ఇప్పుడు ఐదేళ్లు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని బుడంకాయ అంటాం. మా ఆవిడ బట్టల కంపెనీలో కుట్టుపనికి పోతుంది కాబట్టి బడి లేనిరోజు పిల్ల నా వెంటే. నేను చిత్రిక పడుతుంటే కింద రాలిన పొట్టు ఏరుకుని వేళ్లకి ఉంగరాలు, చెవులకి లోలకులు పెట్టుకునేది.

"ఇంకా పొడుగుది తియ్యి నాన్నా."

తీశాను. మూరెడు వచ్చింది. ఇంకోటి బారెడు వచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా నా కాళ్ల కింద చెత్త అది, ఊడ్చి పారేసిన సరుకు. అలాంటిది, బ్లేడు వెంట్రుకవాసి బయట పెట్టి, ఊపిరి బిగబట్టి తోస్తే, చెక్క మీంచి పట్టు రిబ్బనులా లేస్తుంది. ఆ చప్పుడు వింటే కడుపు నిండినట్టుంటుంది. ఇంటికొచ్చి కూడా పనికిరాని ముక్క బల్లకి బిగించి, పొట్టు కోసం పొట్టు తీసేవాణ్ణి.

"పిల్ల ఎప్పుడో లేచి ఆడుకోడానికి పోయింది. ఇంకా ఎవరికి తీస్తున్నావయ్యా?" అంది మా ఆవిడ.

"దానికే" అన్నాను. అచ్చం బావమరిది గొంతు.

ఆ వారమే మేస్త్రీ పిలిచాడు. "లాయరుగారింట్లో పడగ్గది తలుపు వానలకి ఉబ్బి పట్టేసింది. ఆయన కొత్త మేడ కూడా కడుతున్నాడు. ఇది ఆయనకి నచ్చితే అందులో పద్దెనిమిది తలుపులూ నీకే" అన్నాడు. పద్దెనిమిది తలుపులంటే ఏడాది పని.

తలుపు ఊడదీసి వరండాలో అడ్డంగా, పొడుగు అంచు పైకి వచ్చేలా నిలబెట్టాను. నాలుగు సార్లు చిత్రిక పడితే సరిపోయేది. కానీ మంచి చేవ ఉన్న చెక్క, ఆరున్నర అడుగుల అంచు. ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ తోస్తే తలుపంత పొట్టు రాదూ? సగంలో తెగింది. ఇంకోటి. కొసన తెగింది. పిల్ల లెక్కపెడుతోంది. దానికి ఇరవై వరకే వచ్చు. ఇరవై అయ్యాక "చాల్లే నాన్నా, ఇంటికి పోదాం" అంది. నేను వినలేదు. అది మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది.

వచ్చింది చివరికి. ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎక్కడా తెగకుండా. చేతికి చుట్టుకుని చూసుకున్నాను, వెధవలాగా.

తలుపు ఎక్కించాక లాయరుగారు చేతిలో పెన్ను తలుపుకీ గుమ్మానికీ మధ్య పెట్టాడు. అటువైపు పడింది.

"గాలి కోసమా?" అన్నాడు.

మేస్త్రీ మొహం మాడిపోయింది. "ఏంటయ్యా ఇది?"

"చెక్క ఎండి కుంచించుకుపోయింది" అని మొదలెట్టాను.

"కాదు, మా నాన్న రెండు ఇరవైలు తీశాడు!" అంది బుడంకాయ, పొట్టు మెడలో వేసుకుని. "ఇది తెగలేదు, చూడండి!"

లాయరుగారు నవ్వాడు. "ఓహో, పాప కోసమా!" మేస్త్రీ వెంటనే అందుకున్నాడు. "పిల్ల మారాం చేసుంటుంది సార్. కన్నతండ్రి కదా, కాదనలేడు. ఏమయ్యా, అంతేగా?" అంటూ నాకేసి కన్నుగీటాడు.

తల ఊపితే చాలు. ఏడాది పని. బుడంకాయ నవ్వు ఆగిపోయింది. నా మొహంలోకి చూస్తోంది, తనేం తప్పు చేసిందో తెలియక.

"అది ఇరవైకే చాలంది. మిగతా ఇరవై నా సరదా" అన్నాను. "చెక్కపట్టీ అతికించి సరిచేసి పోతాను. కూలి వద్దు."

లాయరుగారి నవ్వు ఎటో పోయింది. పిల్లకోసం చెడగొడితే ముచ్చట, నాకోసం చెడగొడితే నేరం! పెద్దమనుషుల న్యాయం అలా ఉంటుంది మరి. మేస్త్రీ గేటు దగ్గర, "నోరు మూసుకుని ఉండలేకపోయావా, గాడిదా" అన్నాడు. ఆ పద్దెనిమిదీ ఇంకొకడికి పోయాయి.

మొన్న ఆ మేడ ముందు నుంచే పోతూ, ఆగకూడదనుకుంటూనే ఆగాను. ఆ పని దక్కినవాడు చిత్రిక పడుతుంటే రాలేది పొట్టు కాదు, పొడి. మొద్దు బ్లేడు, మొరటు చెయ్యి. బుడంకాయ నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసింది.

"ఈ మామయ్యకి పొట్టు తియ్యడం రాదా నాన్నా?"

"రాదమ్మా. వాడికి తలుపులు చెయ్యడం వచ్చు."