మేకుకు లేని నల్లకోటు

“శాటిలైట్ అబద్ధం చెబుతోందా? నువ్వా?”

పంజాగుట్ట ఆఫీసులో డైరెక్టర్ రామ్మోహనరావు గారు స్క్రీన్ డయానా వైపు తిప్పారు. ఆకాశం నుంచి నల్లగా కనిపించే రేగడి మట్టి, ఆదివారం ఆమె తీసిన కొలతల్లో తెగ మెరుస్తోంది.

“సాయంత్రంలోగా సరిచెయ్యమ్మా. లేదంటే మట్టిని గుర్తించే నీ కంప్యూటర్ మోడల్ పక్కనపెట్టి వివేక్‌ది పంపిస్తాను. పర్మనెంట్ పోస్టు కూడా అతనిదే.”

ఎవరో మట్టి మార్చారు. కొలతలు తీసే డాబా తాళంచెవి తన దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంది? అదే పోస్టు కోసం చూస్తున్న వివేక్ దగ్గరే.

మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్ అమీర్‌పేటలో దిగింది. కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటుకుంటూ డాబా మీదికి పరుగెత్తింది. మట్టి డబ్బాకు తను వేసిన సీలు చెక్కుచెదరలేదు.

మరి మోసం ఎక్కడ?

మేకుకున్న నల్లకోటు తొడుక్కుంది. బట్టల మీది వెలుగు మట్టి మీద పడకూడదు, ఈ పనిలో అందరూ పాటించే నియమం అది. వెలుగు కొలిచే మీటరును ముందు పోలిక కోసం ఉంచిన తెల్లపలక మీద పెట్టింది, తర్వాత ఆ డబ్బాలోంచి ట్రేలో పోసిన మట్టి మీద. శాటిలైట్ చెప్పిన అంకే వచ్చింది!

అదే మట్టి, అదే మీటరు. మారింది ఒంటిమీది బట్ట.

ఆదివారం ఆమె చర్చి నుంచి తెల్లచీరలోనే వచ్చింది. మబ్బులొస్తున్నాయి, ఇంటికి పోకుండా రమ్మని ఫోన్ చేసింది వివేకే. మేకుకు కోటు లేదు. “లాండ్రీకేశానండీ. చీరకేం కాదు, కానివ్వండి” అన్నాడు. ఆమెను దూరంగా నిలబెట్టి, నల్లచొక్కాలో ఉన్న తనే పలక కొలత తీశాడు. మట్టి దగ్గరికి మాత్రం ఆమెను పంపాడు.

డయానా కోటు అంచు పట్టుకు చూసింది. ఆదివారానికి ముందే అంటిన బురద ఎండి, గోటితో గీరితే రాలుతోంది.

వెనక తలుపు కిర్రుమంది.

“ఏంటి డయానా గారు, ఎండలో తపస్సా?” ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో వివేక్.

“మీ లాండ్రీవాళ్లు మస్తు ఉతికిన్రన్నా. బురద సుత పోలే.”

అతని నవ్వు ఆగిపోయింది. “పొరపాటు పడుంటాను. ఇంత అనుమానమా?”

“పొరపాటైతే ఫికర్ లేదు. జర గీ ట్రే పక్కన నిలబడు.” అప్పటికే రామ్మోహనరావు గారికి వీడియో కాల్ కలిపి, ఫోన్ మీటరు వైపు తిప్పింది. ఆదివారం జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది.

వివేక్ వెనక్కి జరిగాడు. “నేనెందుకండీ?”

“చీరకేం కానప్పుడు చొక్కాకేమవుతుందయ్యా?” ఫోన్‌లోంచి గొంతు. “నిలబడు.”

నిలబడ్డాడు. మీటరులో అంకె ఎగిరి ఆదివారం కొలత దగ్గరికి చేరింది.

“డయానా, ఇవాళ్టి కొలతలతో నీ మోడల్ పంపించమ్మా. వివేక్, ఆ తాళంచెవి ఆమెకిచ్చి నా గదికి రా.”