వీపు తిప్పి వినడం

ఎనిమిది నెలల తరువాత బావ ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగకుండా, "రేపు పదింటికి వాద్యాల షాపుకి రా. కీబోర్డు కొనాలి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "కీబోర్డుకి వయొలిన్‌ వాడెందుకు?"

"మీ అక్క కోసం రాసేదానికిరా. నువ్వు లేకుండా ఎలా ఎంచను?" అని ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిది నెలలు మేం ఎందుకు మాట్లాడుకోలేదో ముందు చెప్పాలి. బావ నాటకాలకు సంగీతం కూరుస్తాడు. ఆయన బృందంలో నేను ఇరవై రెండేళ్ళు వయొలిన్ వాయించాను. పోయిన ఏడాది ఒక నాటకం చివరి రిహార్సల్‌లో ఆయన కాగితాలు బల్లకేసి కొట్టి, "వయొలిన్లు నిద్రపోతున్నాయా? చివరి నాలుగు వరసలూ ఎగ్గొట్టేస్తారా?" అని అందరి ముందూ అరిచాడు. మేం ఆరుగురం ఆ నాలుగు వరసలూ శుభ్రంగా వాయించాం. ఆ మాటే అంటే, "నాకేమన్నా చెవుల్లేవా?" అన్నాడు. అక్కడున్న ముప్పై మందిలో ఒక్కరూ మా పక్షాన మాట్లాడలేదు. బావ చెవి మీద వాళ్ళకు అంత గురి. మాలోనే ఒకాయన, "ఏమో, మరీ మెల్లగా వాయించామేమో," అని గొణిగాడు.

మర్నాటి నుంచి మమ్మల్ని రావద్దన్నాడు. మిగతా ఐదుగురూ వేరేచోట్ల పని వెతుక్కున్నారు. నేను ఇంట్లో కూర్చుని ఆయన్ని తిట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాను. అక్క బతికి ఉంటే ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసి ఒకే బల్ల దగ్గర అన్నానికి కూర్చోబెట్టేది. అక్క పోయి రెండేళ్ళవుతోంది.

ఆమె పియానో నేర్పిన సంగీత పాఠశాలలో ఒక గదికి ఆమె పేరు పెడుతున్నారు. ఆ రోజు వినిపించడానికి బావ పది నిమిషాల సంగీతం రాస్తున్నాడు. సగంలో ఉండగా ఇంట్లో కీబోర్డు చెడిపోయిందట. ఇక మూడు వారాలే ఉంది. ఇదంతా పాఠశాల వాళ్ళు చెబితే తెలిసింది. అక్క కోసమే వెళుతున్నాను, ఆయన ముఖం చూడ్డానికి కాదు అని నాకు నేను చెప్పుకుంటూ షాపు మెట్లెక్కాను.

బావ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కాకు ఇస్త్రీ లేదు, చంకలో కాగితాల కట్ట.

"వచ్చావా?"

"పిలిచారుగా."

అంతే మాటలు. షాపమ్మాయి మూడు కీబోర్డుల మీది కవర్లు తీసి వరసగా చూపించింది. మూడింటికీ పియానోకున్నట్టే ఎనభై ఎనిమిది మెట్లు, వేలికి బరువు తగిలేవి. "వీటిని వర్క్‌స్టేషన్ అంటారు సార్. ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా వాయించి దాచుకోవచ్చు. చివరికి ఆర్కెస్ట్రా మొత్తం ఇందులోంచే వినిపిస్తుంది. మనుషులెవరూ అక్కర్లేదు!"

ఆ అక్కర్లేని మనుషుల్లో ఒకడు తన ఎదురుగానే నిలబడ్డాడని పాపం ఆ అమ్మాయికి తెలియదు. "చల్లని మాట చెప్పావమ్మా," అన్నాను. బావ నా వైపు చూడలేదు.

వాద్యం ఏది ఎంచినా ఆయనది ఒకటే పద్ధతి. తాను వీపు తిప్పి నిలబడతాడు, ఇంకొకరు వాయించాలి. పేరూ తళుకూ చూస్తే చెవి మోసపోతుందంటాడు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, అక్కతో పెళ్ళైన కొత్తలో, నా చేత ఐదు వయొలిన్లు వాయించి, గోడకేసి చూస్తూ, "నాలుగోది తీసుకో," అన్నాడు. ఇప్పటికీ నా చేతిలో ఉన్నది అదే. ఇంట్లో చెడిపోయిందన్న కీబోర్డునూ అక్క వాయిస్తుంటే అలాగే ఎంచాడు.

కాగితాలు నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగాడు. అక్క నేర్పిన చదువే కాబట్టి మెట్ల మీద నా వేళ్ళు బాగానే ఆడతాయి. ముందు పియానో భాగం వాయించాను.

మొదటిదానికి, "పెడల్ తొక్కి పట్టుకో... చూశావా, స్వరం ఆరిపోకముందే తెగింది. వద్దు," అన్నాడు.

రెండోదానికి, "మెల్లగా నొక్కితే ఒక పియానో, గట్టిగా నొక్కితే ఇంకో పియానో. అయినా ఉండనీ, తీగ వాద్యాలు విందాం."

మూడోదానికి తల ఊపుతూ విన్నాడు. "మీ అక్క చేతికి ఇది నచ్చేది," అన్నాడు చివరికి. షాపమ్మాయి కళ్ళు పెద్దవి చేసి నావైపు చూసింది. కోపంగా ఉన్నా నాకు గర్వంగానే అనిపించింది. ఆ చెవి ఆ చెవే.

తరువాత రెండోదాని మీద తీగ వాద్యాలు. చెల్లో అనే మంద్ర వాద్యానికి, "కాస్త మందంగా ఉంది, సర్దుకోవచ్చు," అన్నాడు. ఇక చివరి నాలుగు వరసలు. అక్కడ వయొలిన్లు ఒంటరిగా, సన్నగా, పైపైకి వెళ్ళి ఆగిపోతాయి. వాయించాను. పైకి వెళ్ళేకొద్దీ ఆ పెట్టె రేకు గీరినట్టు కీచుమంది. షాపమ్మాయి మొహం చిట్లించింది. బావ కదల్లేదు. ముగించి చేయి తీశాను.

"ఊఁ, ఆగావేం? వయొలిన్లు మొదలుపెట్టు."

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. రిహార్సల్‌లో అన్నది చాలక మళ్ళీ ఇక్కడ కూడానా అని రక్తం మరిగింది. ఆ నాలుగు వరసలూ మళ్ళీ మొదటి నుంచీ వాయించాను. ఆయన తొడ మీద వేలితో తాళం వేస్తూ, వయొలిన్ల ఎత్తుగడ కోసం ఎదురుచూస్తున్నాడు. నేను చివరి వరసలో ఉండగా, "మొదలుపెట్టరా, ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

నా వేలు మెట్టు మీదే ఉండిపోయింది. స్వరం కీచుమంటూనే ఉంది. షాపమ్మాయి ఏదో అనబోతే వద్దని తల ఊపాను.

ఎనిమిది నెలలుగా ఆయన్ని కడిగి పారేయడానికి కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు భయం వేసింది. గోడకేసి చూస్తూ నా వయొలిన్ ఎంచి పెట్టిన మనిషి నా ఎదురుగా నిలబడి, మోగుతున్న స్వరం కోసం ఎదురుచూస్తున్నాడు.

ఏం చేయాలో తోచక అవే వరసలు ఒక స్థాయి కిందికి దింపి వాయించాను. ఆయన తల పక్కకు వాలింది. భుజాలు మెల్లగా కదిలాయి. చివరి స్వరం ఆరిపోయేదాకా అలాగే ఉన్నాడు.

"కిందికెందుకు దింపావు?" అన్నాడు.

నేను కాగితాలు సర్దాను.

"రాసింది నేనురా. అది ఎక్కడ మోగాలో నాకు తెలియదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పైన రెండుసార్లు వాయించాను బావా."

కిటికీ కింద బస్సు ఒకటి ఆగి, మనుషులను దింపి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా అటే చూస్తున్నాడు.

"అయితే ఆ రోజు రిహార్సల్‌లో..."

"వాయించాం బావా."

"ఆరుగురూనా?"

"ఆరుగురమూ."

కిటికీ చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తనలో తాను అనుకుంటున్నట్టు, "ఇంట్లోది కూడా..." అని ఆగిపోయాడు.

"దానికేమైంది?"

"పై మెట్లు పలకడం మానేశాయనుకున్నాను. అది కూడా పోయిందని గుడ్డ కప్పేశాను."

ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆయనకు వీపు తిప్పి నిలబడ్డాను. ఇద్దరం చెరో పక్కకీ చూస్తుంటే షాపమ్మాయికి ఏం చేయాలో పాలుపోలేదు. కాసేపు చూసి, "సార్, ఏది ప్యాక్ చేయమంటారు?" అని మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఒకటి ఉందమ్మా," అన్నాడు బావ. "దానికేమీ కాలేదు."

మెట్లు దిగుతుంటే ఆయన మోచేయి పట్టుకున్నాను. విదిలించుకోలేదు. "డాక్టరుకి చూపిద్దాం," అన్నాను.

"చూపిద్దాం. ఆ ఐదుగురికీ కూడా నేనే వెళ్ళి చెప్పుకోవాలి. నువ్వు తోడు రావాలి."

"వస్తాను."

చివరి మెట్టు మీద ఆగి, చంకలోని కట్టలోంచి ఆ నాలుగు వరసల కాగితం తీసి నాకిచ్చాడు.

"ఇవి పెట్టెలో వద్దు. ఆ రోజు నువ్వే వాయించు."

"మీకు..." అని ఆగిపోయాను.

"నేను నీ ఎదురుగానే కూర్చుంటాను," అన్నాడు. "ఈసారి వీపు తిప్పను. నీ కమాను కదలడం కనిపిస్తుంది కదా."